నూటికి నూట నాలుగు

నర్సీపట్నం,
జూలై 6

ఉదయా,

పార్సిల్ విప్పగానే కంగారు పడకు. తేనె సీసాలో నల్లగా ఉన్నది మా మావగారు కాచిన కషాయం. నమూనాతోపాటు దాన్ని పంపినవాళ్ల చేతిరాతతో వివరం ఉండాలని మీ ల్యాబ్‌లో రూలు అన్నావు కాబట్టి ఈ ఉత్తరం. ఇక్కడ డిగ్రీ చదివిన మూడేళ్లూ ఒకే ప్రాక్టికల్స్ బల్ల దగ్గర నిలబడ్డాం గానీ, నీకు ఉత్తరం రాయడం ఇదే మొదలు. రాస్తుంటే బాగానే ఉంది. ఫోన్‌లో అయితే నువ్వు నన్ను వాక్యం పూర్తి చేయనివ్వవు.

వివరం రాసుకో. కాచినవారు నారాయణమూర్తి గారు, మా ఆయన గోపీకృష్ణకి నాన్నగారు. గొలుగొండ దగ్గర జీడితోట, కొంచెం చెరకు. కషాయంలో పడేవి జీడిమామిడి బెరడు, మిరియాలు, శొంఠి. పాళ్లు మాత్రం చెప్పరు. వానలు మొదలయ్యాయంటే తోటలోంచి క్యాన్ పట్టుకుని బస్సెక్కి మా ఇంటికి వచ్చేస్తారు. వీధిలో ఎవరు తుమ్మినా గ్లాసు వెళ్లాల్సిందే. మా ఆయన మాత్రం ఆయన చూడనప్పుడు తన గ్లాసు మందార మొక్కకి పోసేస్తాడు. ఆ సంగతి తెలిసినా మావగారు కోప్పడలేదు. "సూసావా అమ్మా, ఆ మొక్కకి కూడా ఈ ఏడు పురుగు పట్టనేదు" అన్నారు.

నువ్వు ఫ్లూ వైరస్ మీద పని చేస్తావని నేనే నోరు జారాను. అప్పటినుంచి రోజూ ఒకటే మాట. "మీ నేస్తానికి ఓ సీసా పంపమ్మా. ఇది వైరస్‌ని ఏటి సేస్తాదో సూసి సెప్పమను. బేగి సెప్పమను." పిల్లలకి కెమిస్ట్రీ చెప్పే లెక్చరర్ని. కాదనడానికి నా దగ్గర రుజువు లేదు, ఔననడానికీ లేదు. నువ్వే తేల్చు.

ఇక్కడ నేను, మా వాళ్లు, వీధిలో జలుబులు, అందరం బాగున్నాం.

సాయిలక్ష్మి


హైదరాబాద్,
జూలై 19

సాయీ,

సీసా పగలకుండా చేరింది. మూత తీస్తే ల్యాబంతా మిరియాల వాసన. మా సార్ రవికాంత్ గారు గదిలోంచి తల బయటపెట్టి "ఎవరండీ చారు తెచ్చింది" అన్నారు.

మీ మావగారికి, నాకు బాబాయ్ గారే అనుకో, ఇలా చెప్పు. మేం బతికున్న వైరస్ జోలికి పోము. దాని ఎంజైమ్ ఒకదాన్ని విడిగా తెచ్చుకుని దాని పని కొలుస్తాం. పేరు న్యూరామినిడేజ్. కొత్తగా పుట్టిన వైరస్ మన కణంలోంచి బయటికి వచ్చాక కూడా, పలుపుతో కట్టేసిన దూడలా అక్కడే అంటుకుని ఉంటుంది. ఆ పలుపు కోసే కత్తి ఈ ఎంజైమ్. కత్తి మొద్దుబారితే దూడ పక్క చేలో పడదు.

ఆ పదును కొలవడానికి ఒక రంగుని చక్కెర ముక్కకి కట్టేసి పెడతాం. కట్టి ఉన్నంతసేపూ అది దాదాపు వెలగదు. ఎంజైమ్ కట్టు కోసేస్తే రంగు విడిపోయి, అతినీల కాంతి వేసినప్పుడు నీలంగా మెరుస్తుంది. ఎంత మెరుపో అంత పదును. తొంభై ఆరు గుంటలున్న చిన్న ఇడ్లీ రేకులాంటి ప్లేటులో అన్నీ పోసి మెషీన్‌లో పెడితే గుంటకో అంకె చెబుతుంది. ఒక వరసలో ఎంజైమ్ మాత్రమే వేశాను, అది పూర్తి మెరుపు. ఇంకో వరసలో ఎంజైమ్ వేయలేదు, అది సున్నా. మూడో వరసలో డాక్టర్లు ఫ్లూకి ఇచ్చే మందు కలిపాను. నాలుగో వరసలో బాబాయ్ గారి కషాయం, వడగట్టి.

ఇప్పుడు కూర్చుని చదువు. మందు ఎంజైమ్‌ని తొంభై ఎనిమిది శాతం ఆపింది. కషాయం నూట నాలుగు శాతం ఆపింది.

నూటికి నూట నాలుగు ఎలా వస్తుందని అడక్కు. మెషీన్ అన్నాక అటూ ఇటూ ఉంటుంది. మళ్లీ చేస్తే నూట మూడు వచ్చింది. గ్రాఫ్ చూపిస్తే సార్ కుర్చీలోంచి లేచారు. నా పని చూసి ఆయన నవ్వడం రెండేళ్లలో ఇదే మొదటిసారి. ఈ సంతోషం నీకు ముందు రాయాలనిపించి, చేతి గ్లవ్స్ తీసి వెంటనే కూర్చున్నాను.

నీ ఉదయ


నర్సీపట్నం,
జూలై 28

ఉదయా,

నీ ఉత్తరం మావగారికి చదివి వినిపించాను. దూడ దగ్గర తలూపారు. నూట నాలుగు దగ్గర కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "ఇంగిలీసు మందుకి తొంబయ్యెనిమిదేనా" అని రెండుసార్లు అడిగారు. మర్నాడు పొద్దున్నే గొలుగొండ బయల్దేరారు. సాయంత్రానికి సంగతి కృష్ణదేవిపేట దాటింది. ఆటోలో పక్కన కూర్చున్న ప్రతివాళ్లకీ "నా కసాయం పరీచ్చ రాసింది, నూటికి నూట నాలుగు" అని చెప్పారట. మా ఆయన పనిచేసే కరెంటు ఆఫీసులో అటెండరు మణి, "మీ నాన్నగారు క్లాసు ఫస్టంట గదండీ" అని అడిగింది. మా ఆయన నోరు మూసుకుని ఇంటికొచ్చి, ముక్కు కూడా మూసుకుని, పెళ్లయ్యాక మొదటిసారి గ్లాసు ఖాళీ చేశాడు.

నేనూ తక్కువ తినలేదు. ఎంజైముల పాఠంలో మా ఇంటర్ పిల్లలకి నీ దూడ, పలుపు కథ చెప్పాను. ఫలితం ఎక్కడిదో కూడా చెప్పేశాను.

ఒక చిన్న సాయం. ల్యాబ్ కాగితం మీద ఇదే సంగతి రెండు ముక్కలు రాయించి పంపు. మావగారు గోడకి పెట్టుకుంటారట. ఇంకో పని కూడా మొదలుపెట్టాం. పూర్తయ్యాక చెబుతాను.

సాయి


హైదరాబాద్,
ఆగస్టు 14

సాయీ,

నీ ఉత్తరం అందింది. జవాబు ఆలస్యమైంది. పని ఎక్కువగా ఉంది. ఇక్కడా వానలే. హాస్టల్ గోడలు చెమ్మెక్కాయి. మెస్‌లో సాంబారు తప్ప ఇంకేమీ వండడం లేదు.

కాగితం ఇంకొన్నాళ్లు ఆగాలి. చేయాల్సిన పరీక్షలు ఉన్నాయి. సంతకాలు కూడా చాలా కావాలి.

బాబాయ్ గారిని అడిగానని చెప్పు. మీ ఆయన కషాయం తాగకపోయినా పర్వాలేదు.

ఉదయ


నర్సీపట్నం,
ఆగస్టు 22

ఉదయా,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. చదవడానికి అందులో ఏముందని కాదు, ఏం లేదని. ఫైనలియర్ ప్రాక్టికల్ పరీక్షలో నీ బ్యూరెట్ కారిపోతున్నప్పుడు కూడా నువ్వు నాతో ఇలాగే మీ ఇంట్లో వంకాయ కూర గురించి మాట్లాడావు. ఏం కారుతోంది ఇప్పుడు?

నీ దగ్గర దాచింది నేనూ చెప్పేస్తాను. ఈ కవర్లో పెట్టిన లేబుల్ చూడు. "హైదరాబాద్ ప్రయోగశాలలో పరీక్షించబడినది. ఫ్లూ వైరస్‌ను 104 శాతం అరికట్టును." చిట్టిరాజు గారి ప్రెస్‌లో వేయించాం. మావగారు ఒక్కో సీసా గుడ్డతో తుడిచి, తనే అంటించి, కావాలన్నవాళ్లందరికీ పంచారు. ముందే చెబితే నువ్వు వద్దంటావని చెప్పలేదు.

టిఫిన్ బండి పెట్టే మా పక్కింటి జోగులమ్మ గారికి నిన్నటినుంచి జ్వరం. వణుకు కూడా ఉంది. డాక్టరు దగ్గరికి వెళదాం రండి అంటే, "ఆసుపత్రెందుకమ్మా, మీ కాయితమే సెప్తాంది గదా నూరు దాటి పనిసేస్తాదని. రెండు పూటలు తాగితే సరి" అంది. ఆవిడ చదివింది నా గుమ్మంలోంచి వెళ్లిన లేబుల్. ఆ లేబుల్‌ని కాదనలేక వచ్చేశాను. అప్పటినుంచి నాకు అన్నం సయించడం లేదు.

నిజం రాయి.

సాయి


హైదరాబాద్,
ఆగస్టు 26

సాయీ,

నీ కవరు విప్పి, చదవడం పూర్తికాకుండానే ఫోన్ చేశాను. జోగులమ్మ గారిని వెంటనే డాక్టరుకి చూపించు, సీసాలు ఇంకెవరికీ ఇవ్వకు అన్నాను. ఎందుకని అడక్కుండా సరేనని పెట్టేశావు. ఎందుకో రాస్తున్నాను. నోటితో చెప్పే ధైర్యం చాల్లేదు.

నూరు శాతం ఆగడమంటే ఎంజైమ్ అసలేం పని చేయకపోవడం. అంతకు మించి ఆపడానికి ఏమీ మిగలదు. కషాయం పోసిన గుంటలు, ఎంజైమ్ వేయని గుంటల కంటే కూడా చీకటిగా ఉన్నాయి. అలా ఉండకూడదు. అది మొదటి రోజే నా కళ్లముందు ఉంది. చూసి నవ్వుకుని నీకు ఉత్తరం రాశాను.

ఈ నెల మొదట్లో అనుమానం వచ్చి ఒక పరీక్ష చేశాను. చాలా చిన్నది, ముందే చేయాల్సింది. ఎంజైమ్ వేయలేదు. కట్టు లేని విడి రంగుని గుంటలో పోశాను. అది దానంతటదే వెలుగుతుంది. అందులో కషాయం కలిపాను. వెలుగు పోయింది. అక్కడ కత్తే లేదు, మొద్దుబారేది ఏముంది? కషాయం నలుపు కాంతిని మింగేస్తోంది. కాంతి అందకపోతే ఎంజైమ్ ఆగినట్టే మెషీన్ చెబుతుంది.

బాగా పలచన చేశాను. ఆ అడ్డు తొలగింది, అయినా కాస్త ఆపుతున్నట్టే అనిపించింది. ఆశపడ్డాను. కోడిగుడ్డు తెల్లసొనలో ఉండేలాంటి ప్రొటీన్ కొంచెం కలిపి మళ్లీ చేస్తే ఆ కాస్తా పోయింది. జీడిమామిడి పండు కొరికితే నాలుక పట్టేస్తుంది చూడు, ఆ ఒగరు పదార్థమే బెరడులోనూ ఉంది. ఏ ప్రొటీన్ దొరికితే దాన్ని పట్టుకోవడం దాని గుణం. వేరే ప్రొటీన్ దొరికేసరికి మన ఎంజైమ్‌ని వదిలేసింది.

ఇది తెలిసి మూడు వారాలు. ఎవరికీ చెప్పలేదు. అప్పటికే రవికాంత్ సార్ ఢిల్లీ మీటింగులో నా గ్రాఫ్ చూపించి వచ్చారు. నా కాంట్రాక్టు డిసెంబర్‌తో అయిపోతుంది. "ఈ ఫలితం ఉంది కదా, పొడిగించేద్దాం" అన్నారు. ఆ మాట పట్టుకుని కూర్చున్నాను. లేబుల్ సంగతి నాకు తెలియదనుకో. కానీ మనుషులు తాగుతున్నారని తెలుసు. తెలిసి సాంబారు గురించి రాశాను.

తిట్టాలనిపిస్తే తిట్టు. ముందు జోగులమ్మ గారు ఎలా ఉన్నారో రాయి.

ఉదయ


నర్సీపట్నం,
సెప్టెంబర్ 3

ఉదయా,

జోగులమ్మ గారు బాగుంది. నీ ఫోన్ రాగానే మా ఆయన ఆటో తెచ్చాడు. వద్దంటున్నా ఎక్కించాం. ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరిందని వారం రోజులు ఆసుపత్రిలో ఉంచారు. "ఇంకో రెండు రోజులు ఇంట్లోనే ఉంచుంటే" అని డాక్టరమ్మ మాట సగంలో ఆపేసింది. నిన్న ఇంటికొచ్చింది. రాగానే తన బండి మీద దుమ్ము చూసి వీధి వీధంతా దులిపేసింది. ఆ గొంతు విన్నాక నాకు ఆకలేసింది.

నిన్ను తిట్టడానికి నేనెవర్ని? లేబుల్ మీద వాక్యం మావగారిది కాదు, నాది. అరికట్టును అని పుస్తకాల భాషలో రాసింది నేను. పదేళ్లుగా శాతాల లెక్కలు చెబుతున్నదాన్ని, నూట నాలుగు చూసి అనుమానం రాలేదంటే అబద్ధం. వచ్చింది. సంతోషంగా ఉందని పక్కకి నెట్టేశాను.

ఇక మావగారికి చెప్పాలి. ఎలా చెప్పాలా అని రెండు రోజులు ఆలోచించాను. బట్టలుతికే పౌడరులో తెల్లదనం కోసం కలిపే పదార్థం కూడా అతినీల కాంతిలో నీలంగా మెరుస్తుంది కదా. దొంగనోట్లు పట్టుకునే టార్చి కిరాణా కొట్లో అడిగి తెచ్చాను. మధ్యాహ్నం తలుపులు, కిటికీలు మూసి, గాజు గ్లాసులో పౌడరు నీళ్లు పోసి టార్చి వేశాను. నీలంగా వెలిగింది. మావగారు ముచ్చటగా చూశారు. కషాయం ఆయన చేతికే ఇచ్చి కొద్దికొద్దిగా పోయమన్నాను. పోస్తూ ఉండగానే వెలుగు పోయింది.

"ఇందులో వైరస్ ఉందా మావయ్యగారూ?"

"సబ్బు నీల్లలో వైరసేటమ్మా."

"మరి మీ కషాయం దేన్ని ఆపింది?"

మావగారు టార్చి తన చేతిలోకి తీసుకుని పైనుంచి వేశారు, పక్కనుంచి వేశారు. గ్లాసు ఎత్తి అడుగునుంచి చూశారు. అప్పుడు అన్నారు, "దీపం ఆరనేదు. నానే గోనిసంచి అడ్డేసినాను."

నాకు ఏడుపొచ్చింది. ఆయన ఏడవలేదు. బకెట్టుతో నీళ్లు తెచ్చుకుని మిగిలిన సీసాలన్నీ నానబెట్టి, లేబుళ్లు గోటితో గీకేశారు. తర్వాత చొక్కా మార్చుకుని, సీసా ఇచ్చిన ప్రతి ఇంటికీ వెళ్లారు. నేనూ వెంట వెళ్లాను. "ఇది గొంతుకి ఎచ్చగా ఉంటాది, అంతే. జొరమొస్తే డాట్రుకాడికెల్లండి. ఆ కాయితం మీద రాసింది తప్పు." ప్రతి గుమ్మంలో ఇదే మాట. రాసింది నేనని నేనూ చెప్పాను. తోట ఊళ్లకి కూడా ఆదివారం వెళ్లొచ్చాం. జోగులమ్మ గారి దగ్గర మాత్రం ఆయన గుమ్మం బయటే నిలబడిపోయారు. ఆవిడే స్టూలు జరిపి, "కూకో అన్నయ్యా, టీ తాగు" అంది.

మా ఇంటర్ పిల్లలకి కూడా గ్లాసు, టార్చి చూపించి చెప్పాను. మొదటి పాఠం కంటే రెండోదే వాళ్లకి నచ్చింది.

మీ సార్‌కి చెప్పావా?

సాయి


హైదరాబాద్,
సెప్టెంబర్ 24

సాయీ,

చెప్పాను. నీ ఉత్తరం అందిన రోజునే. డెబ్బై ఏళ్ల మనిషి గుమ్మం గుమ్మానికీ వెళ్లి చెప్పాడు, నాకు ఒక్క గుమ్మం.

రెండు ప్లేట్లూ సార్ బల్ల మీద పెట్టి వరసగా చెప్పుకుపోయాను. మూడు వారాలు దాచానని కూడా చెప్పాను. ఆయన తలుపు దగ్గరగా వేసి వెళ్లమన్నారు. మూడు రోజులు నాతో మాట్లాడలేదు. నేను నా బల్ల సొరుగులు సర్దేసుకున్నాను.

నాలుగో రోజు ఒక జాబితా తెచ్చి ముందు పెట్టారు. ఈ రెండేళ్లలో మా ల్యాబ్‌లో ఎంజైమ్‌ని ఆపుతున్నాయని తేలిన నమూనాలు, ముప్పై ఒకటి. "వీటన్నిటికీ విడి రంగు పరీక్ష చేయండి. ప్రొటీన్ కలిపి కూడా చేయండి. నేనూ కూర్చుంటాను" అన్నారు. పక్కపక్కనే కూర్చుని రెండు వారాలు చేశాం. ముప్పై ఒకటిలో పంతొమ్మిది ఎగిరిపోయాయి. ఒక్కోటీ పోతుంటే మొదట్లో నిట్టూర్చేవారు. పదోది దాటాక ఇద్దరికీ నవ్వాగలేదు.

ఢిల్లీకి ఆయనే ఉత్తరం రాశారు. తప్పు ఉదయశ్రీ కనిపెట్టింది అని రాసి నాకు చూపించారు. చేసింది కూడా నేనే కదండీ అన్నాను. "ఇద్దరం చేశాం. ఒకరు కనిపెట్టారు" అన్నారు. పాతవన్నీ తిరగదోడాలి కాబట్టి నా కాంట్రాక్టు ఇంకో ఏడాది పొడిగించారు. సొరుగులు మళ్లీ విప్పుకున్నాను.

ఇప్పుడు మా దగ్గర ఏ నమూనా వచ్చినా మొదట చేసేది ఆ పరీక్షే. నీ గ్లాసు సంగతి ఇక్కడ అందరికీ చెప్పాను, ల్యాబ్‌లో దానికి సబ్బు నీళ్ల పరీక్ష అని పేరు పడిపోయింది.

ఉదయ


నర్సీపట్నం,
నవంబర్ 2

ఉదయా,

పదో తారీఖున మా ఆయనకి హైదరాబాద్‌లో రెండు రోజుల ట్రైనింగు. మావగారు తనూ వస్తానని పట్టుబట్టారు. చార్మినార్ చూపిస్తామంటే, "అదెక్కడికి పోద్ది. ఆ మిసను సూడాల" అన్నారు. చెరకు పని కూడా వదిలేసి వస్తున్నారు. నీకు అప్పగిస్తున్నాను. ప్రశ్నలు అడుగుతారు, జాగ్రత్త. జోగులమ్మ గారు నీకు సున్నుండలు పంపుతోంది. దారిలో తండ్రీకొడుకులు ఎన్ని మిగిలిస్తారో చెప్పలేను.

సాయి


హైదరాబాద్,
నవంబర్ 14

సాయీ,

సున్నుండలు నాలుగు చేరాయి.

బాబాయ్ గారిని మొన్న పదకొండున ల్యాబ్‌కి తీసుకెళ్లాను. తెల్ల కోటు మోకాళ్ల కిందికి వచ్చింది. కోటు చేతులు పైకి మడిచి, గ్లవ్స్ వేసుకుని, పెళ్లికి వచ్చినట్టు వచ్చారు. ఆయన చూస్తారని ప్లేటు సిద్ధంగా పెట్టుకున్నాను. మెషీన్‌లోంచి అంకెలు వస్తుంటే, మెరుపు తక్కువున్న గుంటని నల్లగా చూపించే కంప్యూటర్ ముందు స్టూలు మీద కూర్చుని ఒక్కో వరసా వేలితో చూపించి అడిగారు. ఎంజైమ్ ఒక్కటే ఉన్నది, ఎంజైమ్ లేనిది, అన్నీ చెప్పాను. మూడో వరస దగ్గర వేలు ఆగింది.

"ఇదేటమ్మా, ఇంత సీకటి?"

"అది డాక్టర్లు ఫ్లూకి ఇచ్చే మందు బాబాయ్ గారూ."

"దీనికి ఆ సబ్బు నీల్ల పరీచ్చ సేసారా?"

నేను రవికాంత్ సార్ వైపు చూశాను. ఆయన నావైపు చూశారు. ముప్పై ఒక్క నమూనాలకీ చేశాం. రెండేళ్లుగా ప్రతి ప్లేటులో కొలబద్దలా పోస్తున్న ఆ మందుకి మాత్రం, మా ల్యాబ్‌లో ఎవరమూ చేయలేదు. చేయాలని తోచలేదు.

"అది ప్రపంచమంతా వాడే మందండీ" అన్నారు సార్.

"నాదీ మా మండలమంతా తాగేరు బాబూ."

సార్ కోటు తొడుక్కుని వచ్చి, విడి రంగు తనే తీసి గుంటల్లో పోశారు. నేను మందు కలిపాను. ప్లేటు మెషీన్‌లో పెట్టాం. నిజం చెప్పొద్దూ, ఈ మందూ ఎగిరిపోతుందేమోనని భయపడ్డాను. అంకెలు వచ్చాయి. వెలుగు రవ్వంత కూడా తగ్గలేదు. ప్రొటీన్ కలిపి అసలు పరీక్ష మళ్లీ చేశాం. అందులోనూ మందు తన పని తను చేసింది.

బాబాయ్ గారు విడి రంగు వరసా, ఎంజైమ్ వరసా పక్కపక్కన పెట్టించుకుని చూశారు. "అయితే ఇది అడ్డేసింది కాదు. నిజంగానే ఆపింది" అన్నారు. ఆయన గొంతులో నొచ్చుకున్నదేమీ లేదు సాయీ. సంతలో మంచి గిత్తని చూసినప్పుడు, అది మనది కాకపోయినా మెచ్చుకుంటాం చూడు, అలా ఉంది.

ప్రతి పరీక్షకీ రిజిస్టర్లో ఒక పంక్తి రాయాలి. ఏం చేశాం, ఎవరు చేశారు, ఎవరు చేయమన్నారు. నేను పెన్ను తీస్తుంటే సార్ రిజిస్టర్ తన వైపు తిప్పుకున్నారు. చేయమన్నవారు అన్న చోట, నారాయణమూర్తి గారు, గొలుగొండ, అని స్వయంగా రాశారు.

బాబాయ్ గారు కళ్లజోడు సర్దుకుని వంగి చదివారు.

"రైతు అని కూడా రాయండి బాబూ" అన్నారు.

రాశారు.

నీ ఉదయ